సిరా గుర్తుకి ముందు సంగతి

విశాఖపట్నం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో కొందరు ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నారు, కొందరు ఇంజనీరింగ్‌లో చేరారు. ఓటు అనగానే మీకు గుర్తొచ్చేది ఎడమ చూపుడు వేలి మీద సిరా గీత, దాంతో ఒక సెల్ఫీ. నేను రాయబోయేది ఆ గీతకి ముందు జరిగే పని గురించి. ప్రతి ఎన్నికలోనూ ఎండలో గంటసేపు క్యూలో నిలబడి, తీరా లోపలికి వెళ్లాక "మీ పేరు లేదమ్మా" అనిపించుకుని తిరిగొచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల ఓటు కొన్ని నెలల కిందటే జాబితాలోంచి జారిపోయింది. అప్పుడు చూసినవాళ్లు లేరు.

ఈ జాబితా గొడవ మొదటి ఎన్నికల నాటిది. 1951-52లో ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్. ఓటర్లు 17 కోట్ల పైచిలుకు, అందులో అక్షరం రానివాళ్లే ఎక్కువ. అంతమంది పేర్లు ఇంటింటికీ తిరిగి రాయించారు. చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యని", "ఫలానా వాడి తల్లిని" అన్నారు. అలా రాస్తే చెల్లదని సేన్ పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తీసేయాల్సి వచ్చింది. కఠినమైన నిర్ణయమే. కానీ మా ఆవిడ, మా అమ్మ అనే మాటలతో కాకుండా ప్రతి మనిషీ తన పేరుతో జాబితాలో ఉండాలనే పద్ధతి అక్కడే స్థిరపడింది.

ఇక మీ సంగతికి వద్దాం. 18 ఏళ్లకే ఓటు వచ్చింది 61వ రాజ్యాంగ సవరణతో, 1989 నుంచి. అంతకుముందు 21. మొన్నమొన్నటి దాకా జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది జాబితాలో చేర్చేవారు. జనవరి 2న పుట్టిన పిల్లాడు ఏడాదంతా ఆగాల్సిందే. 2022 ఆగస్టు నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలు వచ్చాయి. ఫిబ్రవరిలో 18 నిండితే ఏప్రిల్ 1కి మీరు అర్హులు, జులై 5న నిండితే అక్టోబర్ 1కి. 17 నిండగానే ముందస్తుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, మీ తేదీ వచ్చినప్పుడు దాన్ని తీసుకుంటారు. ఒక్క హద్దు మాత్రం మరవకండి. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నికకి జాబితాలో కొత్త పేరు చేరదు. దరఖాస్తుని విచారించడానికి కూడా రోజులు పడతాయి కాబట్టి ఎన్నికల ప్రకటన వచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం.

కొత్త ఓటుకి ఫారం 6. ఫోన్లో ఎన్నికల సంఘం యాప్ ద్వారా పెట్టొచ్చు, మీ బూత్ లెవెల్ ఆఫీసర్‌కి కాగితం మీదా ఇవ్వొచ్చు. ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో, వయసుకి పదో తరగతి సర్టిఫికెట్టో జనన ధ్రువపత్రమో, చిరునామాకి అమ్మానాన్నల పేరున ఉన్న కరెంటు బిల్లో బ్యాంకు పాస్‌బుక్కో సరిపోతాయి. ఇక్కడ తప్పులు జరిగేది పేరు దగ్గరే. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో చివర. తెలుగులో ఒక స్పెల్లింగు, ఇంగ్లిష్‌లో ఇంకోటి. యాప్‌లో ఇంగ్లిష్ పేరు కొట్టగానే తెలుగు పేరు దానంతటదే వచ్చేస్తుంది, "సత్యవతి" కాస్తా "సత్యవాతి" అయి కూర్చుంటుంది. పంపే ముందు ఆ తెలుగు పెట్టెని అక్షరం అక్షరం చదవండి. ఇంట్లోవాళ్ల ఓటరు కార్డు నంబరు అడిగే గడిని ఖాళీగా వదలకండి. దాన్ని బట్టే కుటుంబమంతా ఒకే బూత్‌లో పడుతుంది. లేకపోతే అమ్మకి ఒక స్కూలు, మీకు ఇంకో స్కూలు.

మన ఊళ్లో అద్దె ఇళ్లు ఎక్కువ. మద్దిలపాలెంలో రెండేళ్లు, తర్వాత మురళీనగర్, ఆపైన గాజువాక. ఇల్లు మారినప్పుడు గ్యాసు కనెక్షన్ మారుస్తాం, ఓటు మాత్రం పాత వీధిలోనే వదిలేస్తాం. మారాక చేయాల్సింది ఫారం 8. అదే నియోజకవర్గంలో మారినా, వేరే నియోజకవర్గానికి మారినా, కార్డులో తప్పు దిద్దించుకోవాలన్నా, కార్డు పోయినా, వికలాంగులమని నమోదు చేయించుకోవాలన్నా అన్నిటికీ ఇదే. కొత్త చోట మళ్లీ ఫారం 6 పెట్టకండి. అలా చేస్తే రెండు చోట్ల పేరు పడుతుంది. ఎక్కడా ఓటు లేదని ఫారంలో అబద్ధపు ప్రకటన ఇచ్చినట్టు తేలితే ఏడాది దాకా జైలు శిక్షకి చట్టంలో వీలుంది. పెళ్లయి వేరే ఊరు వెళ్లిన అక్కలకి ఇది తప్పకుండా చెప్పండి, రెండు చోట్ల పేర్లు ఎక్కువగా కనపడేది వాళ్లవే.

బూత్ లెవెల్ ఆఫీసర్ అన్నాను కదా, అందరూ బీఎల్‌ఓ అనే పిలుస్తారు. ఎన్నికల వ్యవస్థ మొత్తానికి అరికాలు ఈ మనిషే. సచివాలయం ఉద్యోగో, అంగన్‌వాడీ కార్యకర్తో, టీచరో అయి ఉంటారు. సొంత ఉద్యోగం చేసుకుంటూనే వెయ్యిమంది పైచిలుకు ఓటర్ల జాబితాని చూసుకోవాలి. ఎవరు చనిపోయారు, ఎవరు వెళ్లిపోయారు, ఎవరికి 18 నిండాయి, అన్నీ ఇంటికి వెళ్లే తేల్చుకోవాలి. ఈ పనికి ఏడాదికి ఇచ్చే పారితోషికం చాలాకాలం 6,000 రూపాయలు, 2025లో 12,000 చేశారు. వ్యవస్థని బలపరచడమంటే ముందు ఈ మనిషికి సమయం, శిక్షణ, గౌరవం ఇవ్వడమని నా నమ్మకం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తే బీఎల్‌ఓ ఏం చేయగలరు? "301లో ఎవరూ ఉండరండీ" అని వాచ్‌మన్ చెప్పిన మాటే రాసుకుని వెళ్తారు. 301లోవాళ్లు నిజానికి ఆఫీసుకి వెళ్లి ఉంటారు. 2024లో రాష్ట్రం మొత్తం మీద పోలింగ్ 80 శాతం దాటితే విశాఖ నగరం అంత దూరం రాలేదు. బద్ధకం ఒక్కటే కారణమనుకోను. మూసిన గేట్లకీ, మారిన అద్దె ఇళ్లకీ అందులో వాటా ఉంది.

పేరు తీసేయమని కోరేది ఫారం 7. ఇది అవసరమైనదే, చనిపోయినవాళ్ల పేర్లు ఉండిపోతే దొంగ ఓట్లకి దారి. కానీ 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఈ ఫారాలు లక్షల్లో వచ్చిపడ్డాయి. ఉన్నవాళ్లని లేరని రాసినవీ వాటిలో ఉన్నాయి. అందుకే నియమం తెలుసుకోవాలి. అభ్యంతరం చెప్పే మనిషి అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. మీ పేరు మీద అభ్యంతరం వస్తే మీకు నోటీసు రావాలి, మీ మాట వినాలి. అయినా అన్యాయం జరిగితే 15 రోజుల్లోగా కలెక్టర్‌కి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ఎన్నికల ప్రధాన అధికారికి రెండో అప్పీలు. ముసాయిదా జాబితా ప్రకటించినప్పుడు బూత్‌లో అతికిస్తారు, ఆన్‌లైన్‌లో బూత్ వారీగానూ పెడతారు. అభ్యంతరాల గడువు లోపల దాన్ని చూడటం తర్వాత వంద ఫిర్యాదులు రాయడం కంటే తేలిక.

జాబితాకి అందకుండా జారిపోయేవాళ్లు కొందరుంటారు. జాలరిపేటనే తీసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 2024 మే 13న పోలింగ్ పడింది కాబట్టి మన ఫిషింగ్ హార్బర్ పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. కానీ ఉత్తరాంధ్ర నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి పనికెళ్లిన మత్స్యకారులకి ఆ సౌకర్యం లేదు. పడమటి తీరంలో నిషేధం మొదలయ్యేది జూన్ 1న. వాళ్ల పేర్లు జాబితాలో ఉంటాయి, మనుషులు అక్కడుంటారు. పోస్టల్ ఓటు చట్టంలో చెప్పిన కొన్ని వర్గాలకే, వలస కూలీ అందులో లేడు. ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేసే యంత్రం నమూనాని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది, అది అక్కడే ఆగింది. నా దృష్టిలో మన ఎన్నికల్లో మిగిలిపోయిన అతి పెద్ద లోటు ఇదే. అదే నావికాదళంలో పనిచేసేవాళ్లని చూడండి, సర్వీస్ ఓటరుగా నమోదైతే బ్యాలెట్ ఎలక్ట్రానిక్‌గా వాళ్ల దగ్గరికే వెళ్తుంది. దారి వేయాలనుకుంటే వేయొచ్చని అర్థమవుతోంది కదా.

హాస్టల్లో ఉండే మీ స్నేహితులకి ఎంచుకునే వీలుంది. సొంతూళ్లోనైనా, ఏడాదికి తగ్గని కోర్సు అయితే కాలేజీ బోనఫైడ్ పత్రంతో హాస్టల్ చిరునామా మీదైనా. ఫ్లైఓవర్ కింద పడుకునేవాళ్లకీ ఓటుంది. వాళ్లకి చిరునామా కాగితం అక్కర్లేదు, రాసిన చోటే పడుకుంటున్నారా అని బీఎల్‌ఓ రాత్రిపూట వెళ్లి చూసుకోవాలి. ఫారంలో స్త్రీ, పురుషుడు కాక మూడో గడి కూడా ఉంది. 85 దాటినవాళ్లు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చు. దానికి ఫారం 12డి, నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా ఇవ్వాలి. ఆ ఐదు రోజులు తెలియకే ఎక్కువమంది తాతయ్యలూ అమ్మమ్మలూ దాన్ని పోగొట్టుకుంటారు. చూపు లేనివాళ్లకి యంత్రం మీద బ్రెయిలీ అంకెలుంటాయి, తోడుగా 18 నిండిన ఒకరిని తీసుకెళ్లొచ్చు. ఆ తోడు మనిషి ఆ రోజు ఇంకొకరికి తోడు వెళ్లకూడదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు బూత్ లోపలికి. పోలింగ్ 7 గంటలకైతే అసలు పని 5.30కే మొదలవుతుంది. అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగ్, చేస్తారు, నోటాతో సహా ప్రతి మీటా నొక్కి చూస్తారు. తర్వాత అధికారి దగ్గరుండే యంత్ర భాగం, అంటే కంట్రోల్ యూనిట్ మీద క్లోజ్, రిజల్ట్, క్లియర్ అని వరసగా మూడు నొక్కాలి. ఎవరికి ఓటు పడిందో చీటీ మీద ముద్రించే వీవీప్యాట్‌లో పడిన మాక్ చీటీలు బయటికి తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవర్లో పెట్టి సీలు వేయాలి. రాత్రంతా సరిగ్గా నిద్రలేని ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే ఆ బూత్ బాధ్యత చూసే అధికారి, కంగారులో క్లియర్ నొక్కడం మరిచాడనుకోండి, ఆ 50 ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. చీటీలు తీయడం మరిస్తే యంత్రంలో ఒక లెక్క, చీటీల్లో ఇంకో లెక్క. యంత్రాలపై వచ్చే అనుమానాల్లో కొన్ని ఇలాంటి చేతి తప్పుల్లోంచి పుట్టినవే. ఏజెంటు నిద్ర కళ్లతో ఏడింటికొచ్చి కూర్చుంటే పట్టుకునేవాళ్లుండరు.

సాయంత్రం ఆరింటికి గేటు మూసేటప్పుడు క్యూలో ఉన్న అందరికీ చీటీలిస్తారు, వరసలో చివరి మనిషి నుంచి మొదలుపెట్టి. అలా అయితే తర్వాత వచ్చినవాళ్లు వెనక చేరలేరు. చీటీ ఉన్నవాళ్లు ఎంత రాత్రయినా ఓటు వేసే వెళ్లాలి.

పోలింగ్ ముగిశాక ఫారం 17సి నింపుతారు. ఒక్క కాగితమే, కానీ ఎన్నిక మొత్తం దీని మీద నిలబడి ఉంది. బూత్‌లో ఎంతమంది ఓటర్లు, రిజిస్టర్‌లో ఎంతమంది సంతకం చేశారు, చేసి ఓటు వేయకుండా వెళ్లినవాళ్లెందరు, యంత్రంలో మొత్తం ఎంత, సీళ్ల నంబర్లేమిటి, అన్నీ అందులో ఉంటాయి. 812 మంది సంతకం చేసి ఇద్దరు ఓటు వేయకుండా వెళ్తే యంత్రం 810 చూపాలి. దాని నకలు మీద సంతకం పెట్టి ప్రతి ఏజెంటుకీ ఇస్తారు. లెక్కింపు రోజున అదే సీలు నంబరు, అదే మొత్తం కనిపించాలి. తేడా వస్తే అక్కడికక్కడే అడగొచ్చు. ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌లో చీటీ తీసి ఐదు బూత్‌ల వీవీప్యాట్ స్లిప్పులు కూడా లెక్కపెడతారు. అనుమానం ఉన్నవాళ్లతో వాదించే బదులు 17సి నకలు చూపించమనండి. మాట అక్కణ్నుంచి కదులుతుంది.

మీరు వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేశారనుకోండి. గొడవపడి వెనక్కి రాకండి. గుర్తింపు చూపించి టెండర్ ఓటు అడగండి. యంత్రం మీద కాకుండా బ్యాలెట్ కాగితమిస్తారు, విడిగా కవర్లో పెడతారు. మామూలు లెక్కింపులో అది కలవదు, హైకోర్టులో కేసు పడితే అప్పుడు తెరుస్తారు. పైగా ఆ సంఖ్య 17సిలో పడుతుంది, ఆ బూత్‌లో దొంగ ఓటు పడిందనడానికి అదే సాక్ష్యం. అలాగే, వచ్చిన మనిషి అసలు ఓటరు కాడని ఏజెంటుకి అనిపిస్తే రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయొచ్చు. ఓటరు స్లిప్పు ఒక్కటే తీసుకెళ్తే చాలదు, ఓటరు కార్డో ఆధారో ఫోటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కో వెంట ఉండాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా కొందరు స్లిప్పుతోనే వస్తారు.

పై అంతస్తు గురించి కొంచెమే రాస్తాను. ఎన్నికల సంఘం 1950 జనవరి 25న ఏర్పడింది. 1990లో కొద్ది రోజులే అయినా ప్రధాన కమిషనర్‌గా చేసిన మొదటి మహిళ మన తెలుగామె, వి.ఎస్. రమాదేవి. ప్రధాన కమిషనర్‌ని తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించినంత పని, అది బలం. నియామకం దగ్గర మాత్రం చర్చ సాగుతోంది. చట్టం వచ్చేదాకా నియామక సంఘంలో భారత ప్రధాన న్యాయమూర్తి ఉండాలని సుప్రీంకోర్టు 2023 మార్చిలో చెప్పింది. డిసెంబర్‌లో వచ్చిన చట్టం ఆ స్థానంలో కేంద్రమంత్రిని పెట్టింది. ప్రధాని, ఆ మంత్రి, ప్రతిపక్ష నేత, ఈ ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వైపువాళ్లే. ఆడే జట్టే అంపైర్‌ని ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు, ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే అంటాను. ఇంకొక మాట, మన విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీ 98 వార్డుల ఎన్నికలు నడిపేది వేరే సంస్థ, రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీకి ఓటు వేసిన బూతే కార్పొరేషన్‌కీ అనుకుని వెళ్లి తిరిగొచ్చేవాళ్లున్నారు. వార్డు జాబితా మళ్లీ చూసుకోవాలి.

వచ్చే ఆదివారం మీ ఇంట్లోవాళ్ల కార్డులన్నీ బల్ల మీద పెట్టి, ఒక్కొక్క నంబరూ యాప్‌లో కొట్టి చూడండి. పేరు, వయసు, బూత్ నంబరు, వరస సంఖ్య కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ పేరూ, వాచ్‌మన్ కుటుంబం పేర్లూ కూడా చూసిపెట్టండి. పేరు కనపడకపోతే 1950కి ఫోన్ చేసి మీ బీఎల్‌ఓ ఎవరో కనుక్కోండి. ఆయనో ఆవిడో ఇంటికొస్తే గేటు దగ్గర నిలబెట్టకుండా లోపలికి పిలిచి మంచినీళ్లివ్వండి.

మీ తాతయ్య