పులిహోర పొట్లాలతో వచ్చేవారికి: వృద్ధాశ్రమ సేవలో అపోహలు – వాస్తవాలు

పాలకొల్లు, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా వీధికొక ఇల్లు తాళం వేసి కనిపిస్తుంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. ఆ ఇళ్ల పెద్దవాళ్లలో కొందరు మా దగ్గర ఉంటారు. గోదావరి డెల్టాలోని ఒక వృద్ధాశ్రమంలో స్వచ్ఛందంగా సేవ చేయడానికి వచ్చేవారికి పని అప్పగించి, దగ్గరుండి చూసుకోవడం నా ఉద్యోగం. సంక్రాంతికీ వేసవికీ విదేశాల్లో పుట్టి పెరిగిన మన పిల్లలు వస్తారు. వారి వెంట ఒక్కోసారి అక్కడి స్నేహితులూ వస్తారు. ఏడాది పొడవునా కాలేజీ విద్యార్థులు వస్తుంటారు. అందరూ మంచి మనసుతోనే వస్తారు. ఆ మంచి మనసుతోపాటు మోసుకొచ్చే అపోహలే నాకు తలనొప్పి.

అపోహ: కడుపునిండా పెడితే అదే సేవ

డొక్కా సీతమ్మగారు అన్నం పెట్టిన సీమ ఇది. లంకల గన్నవరంలో ఆ తల్లి గడప తొక్కినవారెవరూ ఆకలితో వెనుదిరగలేదని వింటూ పెరిగాం. అందుకే సేవ అనగానే మన చెయ్యి గరిటె మీదకు పోతుంది. అయితే సీతమ్మగారి దగ్గరికి వచ్చినవాళ్లు ఆకలితో వచ్చారు. మా దగ్గరున్నవాళ్లు వేళకు తిని, మందులు వేసుకుని కూర్చున్నవాళ్లు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, వర్ధంతులు కలిసి వచ్చిన వారంలో పులిహోర, బూరెలు, చక్రపొంగలి, మళ్లీ పులిహోర! ఆ సంతర్పణల ఫలితం మర్నాడు పొద్దున్నే షుగరు పరీక్ష చేసే నర్సును అడగండి, చెబుతుంది.

షుగరు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది మింగడం. పక్షవాతం వచ్చినవారికి, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవారికి, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరినవారికి గొంతు కండరాలు పట్టు తప్పుతాయి. కడుపులోకి పోవాల్సిన ముద్ద ఊపిరితిత్తుల దారి పడుతుంది. న్యుమోనియా చాలాసార్లు అలాగే మొదలవుతుంది. ఆత్రేయపురం పూతరేకు సంగతే చూడండి. నోట్లో వేసుకుంటే కరిగిపోయేదానికి పళ్లతో పనేమిటి అంటారు. లాలాజలం సరిగా ఊరని నోట్లో ఆ పలుచని రేకు కరగదు, అంగిటికి అతుక్కుంటుంది. లోపలి పంచదార పొడికి పొలమారుతుంది. కంగారుపడి నీళ్లు పోస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఇలాంటివారికి చిక్కటి జావ కన్నా పలుచని నీళ్లు మింగడమే కష్టం.

కాబట్టి ఏది పెట్టాలన్నా ముందు నర్సును అడగండి. నిటారుగా కూర్చోబెట్టండి, తల వెనక్కి వాలనివ్వకండి. ఒక ముద్ద పూర్తిగా మింగాకే రెండోది. తిన్న తరువాత అరగంట వరకు పడుకోనివ్వకండి. మధ్యలో దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా, ఆపి పిలవండి.

అపోహ: ఇక్కడున్నవారంతా పిల్లలు వదిలేసినవారే

వచ్చీ రాగానే "పిల్లలు చూడరా మామ్మగారూ?" అని అడుగుతారు. అడగకండి. పిల్లలు లేనివారున్నారు. భర్త పోయాక పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉండలేక తామే నిర్ణయించుకుని వచ్చినవారున్నారు. కొడుకు నెలనెలా డబ్బు కట్టి, రోజూ రాత్రి వీడియో కాల్‌లో పలకరించే తాతగారి ముందు ఆ కొడుకుని దోషిని చేస్తే మీరు వెళ్లిపోతారు, ఆ మాట మాత్రం ఆయన దగ్గర ఉండిపోతుంది.

నిజంగా నిర్లక్ష్యానికి గురైనవారూ లేకపోలేదు. వారి కోసం 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకుంటే నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని మాట తప్పితే, ఆ దస్తావేజును రద్దు చేయమని కోరే వీలు ఇదే చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. సలహాకు వృద్ధుల సహాయవాణి ఎల్డర్ లైన్ ఉంది, నంబరు 14567. ఇవన్నీ ఆ పెద్దాయన ఒప్పుకున్నాక ఆశ్రమం వారు నడపవలసిన పనులు. రెండు మధ్యాహ్నాల పరిచయంతో కొడుకుకి ఫోను చేసి నిలదీసే హక్కు సేవకు వచ్చినవారికి లేదు.

అపోహ: ఈ వయసులో వారికి విశ్రాంతి చాలు

మా దగ్గర అన్నిటికన్నా ఎక్కువ దొరికేది విశ్రాంతే. మంచం, గోడ, ఫ్యాను, టీవీ. దొరకనిది పని.

నరసాపురం లేసు ఈ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల చేతుల మీదుగానే విదేశాలకు వెళ్లింది. చిన్నప్పటి నుంచీ ఆ లేసు అల్లిన ఒక మామ్మగారు మా దగ్గర ఉన్నారు. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, కూతురి పేరు ఒక్కోరోజు దొరకదు. దారపు ఉండ, లేసు సూది చేతిలో పెడితే మాత్రం దారాన్ని ఎడమ చూపుడు వేలికి ఒక చుట్టు చుట్టి, చూపు కిటికీ బయట ఉండగానే వరుస అల్లేస్తారు. ఇందులో మహిమేమీ లేదు. చేతికి అలవాటైన పనుల జ్ఞాపకానికీ, పేర్లూ సంఘటనల జ్ఞాపకానికీ మెదడులో ఆధారాలు వేరు. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ ముందుగా దెబ్బకొట్టేది రెండోదాన్ని.

మొన్నటి వేసవిలో అమెరికా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆవిడ దగ్గర లేసు నేర్చుకుంది. తెలుగు అంతంతమాత్రం. కుట్టు తప్పినప్పుడల్లా మామ్మగారు ఆ పిల్ల చేతి మీద చిన్న దెబ్బ వేసి, వరుస మొత్తం విప్పించి మళ్లీ మొదలుపెట్టించేవారు. సేవ చేయడానికి వచ్చానన్న సంగతి ఆ అమ్మాయి రెండో రోజుకే మరిచిపోయింది. నాకు కావలసిందీ అదే.

లేసు రానివారికి చింతపండులో గింజలు తీసే పని ఇవ్వండి, కడియం మల్లెలు తెచ్చి మాల కట్టమనండి. వ్యవసాయం చేసిన తాతగారిని ఆరోగ్యం గురించి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "దాళ్వాకు (రెండో పంట వరికి) నీళ్లు ఎప్పుడు వదిలేవారండీ?" అని అడగండి, కాలువలు కట్టేసే రోజు దాకా వరసగా చెబుతారు. అయితే ఒక జాగ్రత్త. 1986 వరద గురించి చాలామంది ఉత్సాహంగానే చెబుతారు కానీ, 1996 నవంబరు తుఫానులో మనుషులను పోగొట్టుకున్నవారు ఇక్కడున్నారు. ఆ మాట వారెత్తితే వినండి, మీరుగా ఎత్తకండి.

అపోహ: మరిచిపోయినవారికి నిజం గుర్తుచేయాలి

"మా ఆయన పంటు దిగారా?" అని సాయంత్రమయ్యేసరికి అడిగే ఒకావిడ ఉన్నారు. యానాం, యెదుర్లంకల మధ్య వంతెన రాకముందు గోదావరి దాటాలంటే పంటే (మనుషుల్నీ బండ్లనీ దాటించే పడవ) కదా. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ నిజం చెప్పిన ప్రతిసారీ ఆవిడకు అది మొదటిసారి వినడమే. కాసేపటికి మరిచిపోయి మళ్లీ అడుగుతారు, మళ్లీ చెబితే మళ్లీ ఏడుస్తారు. "వస్తున్నారు" అని అబద్ధమాడనక్కరలేదు. "ఆయన వచ్చేటప్పుడు మీకేం తెచ్చేవారు?" అని అడిగితే చాలు, మాట సంతలోకీ సరుకుల్లోకీ మళ్లుతుంది.

ఇక్కడే ఒక తేడా తెలిసి ఉండాలి. డిమెన్షియా నెలలూ ఏళ్ల మీద పెరుగుతుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో తికమకపడినా, ఉలుకూ పలుకూ లేకుండా మగతగా పడి ఉన్నా "వయసు కదా" అని వదిలేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్త మందు – వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వెంటనే నర్సుకు చెప్పాలి. మే నెల ఉక్కలో ఇది మరీ ముఖ్యం. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, "దాహం లేదు" అన్నంతమాత్రాన ఒంట్లో నీరు ఉన్నట్టు కాదు.

అపోహ: వినపడకపోతే గట్టిగా అరవాలి

వయసుతో ముందు పోయేది సన్నని, కీచు స్వరాలను వినే శక్తి. అరిస్తే గొంతు సన్నబడుతుంది, పైగా తిడుతున్నట్టు ఉంటుంది. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేలా, నెమ్మదిగా, కాస్త మంద్రంగా మాట్లాడండి. తెలుగు రానివారికి అష్టాచెమ్మా ఉండనే ఉంది. గవ్వలు వేయడానికి భాష అక్కరలేదు. మా తాతగార్లు దొంగాట ఆడతారు, అదీ ముందే చెబుతున్నాను.

అపోహ: కుర్రాళ్లు కాబట్టి ఎత్తి కూర్చోబెట్టవచ్చు

వద్దు. చంకల కింద చేతులు పెట్టి లాగితే వారి భుజం, మీ నడుము రెండూ పోతాయి. మంచం మీద నుంచి లేచేటప్పుడు కూడా ముందు అంచున కాసేపు కూర్చోనివ్వాలి. చటుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆ పడటంలో తుంటి ఎముక విరిగితే కొందరు మళ్లీ నడవలేరు.

అపోహ: ఫోటోలు పెడితే ఆశ్రమానికే మంచిది

అడగకుండా తీయకండి. డిమెన్షియా ఉన్నవారి "సరే"ను అనుమతిగా తీసుకోకండి.

అపోహ: ఉచితంగా చేసే పనికి కాగితాలెందుకు

విదేశీ పాస్‌పోర్టుతో పర్యాటక వీసా మీద వచ్చినవారు, ఏ ప్రతిఫలమూ తీసుకోకుండా, ఒక నెల వరకే ఇలాంటి సేవ చేయవచ్చు. అంతకు మించితే వేరే వీసా కావాలి. విరాళం సంగతి కూడా అంతే. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని ఆశ్రమం దాన్ని తీసుకోకూడదు. "మన ఊరివాణ్నే కదా" అని డాలర్లు చేతిలో పెట్టబోతే మేము వెనక్కి తగ్గేది మర్యాదకు కాదు.

వచ్చేవారు మొదటి రోజే వెళ్లే తేదీ కూడా చెప్పండి, మంచాల దగ్గర గోడ క్యాలెండర్లలో గుర్తు పెడతాం. జలుబు, జ్వరం ఉంటే ఆ వారం మానేయండి. ఆదివారాలు, పండగలు మాకు జనం ఎక్కువే. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు ఎవరూ ఉండరు. ఆ వేళకు రాగలిగినవారు ముందుగా ఫోను చేసి రండి, చేతులు ఖాళీగా వచ్చినా ఫరవాలేదు.