హోటన్ నీటి మర, దాని పక్క పచ్చిక బయళ్లు

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌షైర్‌లో, గ్రేట్ ఊజ్ నది మీద ఉన్న హోటన్ నీటి మరను చూడబోయేవారు ముందుగా ఆ నది ఎంత నెమ్మదిగా పారుతుందో గమనించాలి. కొండవాగుల దగ్గర నీరు ఎత్తు నుంచి చక్రం నెత్తిన పడుతుంది. ఈ చదును నేలలో ఆ వీలు లేదు. పైనుంచి నీరు పడే చక్రం ఆ నీటి శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులను పనిగా మార్చగలదనీ, అడుగున ప్రవాహపు తోపుతో తిరిగే చక్రానికి మూడో వంతుకు మించి దక్కదనీ ఆంగ్ల ఇంజనీరు జాన్ స్మీటన్ 1759లో నమూనా చక్రాలతో చేసిన ప్రయోగాల ద్వారా చూపాడు. అందుకే పల్లపు నదుల మీది మరలకు అడ్డుకట్టలు, తూములే ప్రాణం. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు 2 మీటర్లు దిగితే లభించేది, సిద్ధాంతరీత్యా, 20 కిలోవాట్ల లోపే.

నీటిని నిలబెడితే ఎవరి పొలమో, ఎవరి ఇల్లో మునుగుతుంది. 974 నాటికే ఇక్కడ మర ఉండేది. అది రామ్సే అనే క్రైస్తవ మఠానికి చెందినది. మఠాధిపతి నీటిని మర వైపు మళ్లించడం వల్ల ఊరు మునుగుతోందని గ్రామస్థులు ఎదురుతిరిగి, 16వ శతాబ్దపు తొలినాళ్లలో, ముంపు ముంచుకొచ్చినప్పుడు నీటిని వదిలేసే హక్కును సాధించుకున్నారు. నా దృష్టిలో ఈ మర చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం అదే.

ఇప్పుడున్న చెక్క, ఇటుకల కట్టడం 18వ శతాబ్దానిది. 1930లో ఆగిన విసురుడు 1999లో మళ్లీ మొదలైంది. లోపల నింపాదిగా తిరిగే నీటి చక్రపు వేగాన్ని పళ్ల చక్రాలు అంచెలంచెలుగా పెంచి పై రాయికి అందిస్తాయి. కింది రాయి కదలదు. మన తిరగలికి గంట్లు కొట్టినట్టే ఈ రాళ్లకూ చాళ్లు చెక్కుతారు. ఇలాంటి మరల్లో, రాయితో పాటు తిరిగే ఒక నిలువు కడ్డీ, గింజలు జారే చిన్న తొట్టిని టకటకా తడుతూ ఉంటుంది. రాయి వేగం పెరిగితే తట్టుడు పెరిగి గింజలు ఎక్కువ పడతాయి, ఆ బరువుకు రాయి తిరిగి నెమ్మదిస్తుంది. మనిషి చెయ్యి పడకుండానే యంత్రం తన వేగాన్ని చాలావరకు తానే సరిచూసుకునే ఈ ఏర్పాటు ముందు ఎంతసేపు నిలబడినా తనివి తీరదు.

పక్కనున్న హోటన్ పచ్చిక బయల్లో ఒకప్పటి దున్నకాల గుర్తులుగా బోదెలూ పల్లాలూ నేటికీ కనిపిస్తాయి. ఆరిన నేలను కోరే మొక్కలకు బోదెలూ, తేమను కోరేవాటికి పల్లాలూ చోటిస్తాయి కనుక కొద్ది అడుగుల దూరంలోనే మొక్కల జాతులు మారిపోతాయి. ఇక్కడ పెరిగే ఎల్లో రాటిల్ అనే పసుపు పూల మొక్క గడ్డి వేళ్లలోకి తన వేళ్లను చొప్పించి నీరూ లవణాలూ లాక్కుంటుంది. గడ్డి బలం తగ్గిన చోట ఆర్కిడ్‌ల వంటి చిన్న మొక్కలకు వెలుగు దొరుకుతుంది. ఎరువు వేస్తే గడ్డి ఏపుగా పెరిగి వాటిని కప్పేస్తుంది. 1930ల నుంచి అర్ధ శతాబ్ద కాలంలో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలాంటి పచ్చిక బయళ్లు దాదాపు 97 శాతం కనుమరుగవడానికి దున్నకాలతో పాటు ఎరువులూ ముఖ్య కారణం. మిగిలినవి నిలవాలంటే విత్తనాలు రాలాక, అక్కడి వేసవి నడిమికి, గడ్డి కోసి బయటికి తరలించడం ఏటా జరగాలి. పూలు చూడదలచినవారు ఆ కోతకు ముందే, మే, జూన్ నెలల్లో వెళ్లడం మేలు.