సముద్రాన్ని ఎడమ పక్కన పెట్టుకోని రండి

పెద్దోడికి, చిన్నపాపకి, మిగతా పిల్లలందరికీ మీ తాత రాసేది,

ఇక్కడ అందరం బాగున్నాం. సంక్రాంతికి మీరంతా కావలి వస్తన్నారని తెలిసినకాడ్నించి మీ అవ్వ అరిసెల బియ్యం గురించే మాట్లాడతా ఉంది, నేను మాత్రం ఇంకో పనిలో పడ్డా. పండగ అయిపోయాక మీరు అయిదుగురూ ఒక కారేసుకోని ఒంగోలు నించి శ్రీహరికోట దాకా రెండు రోజులు తిరిగి రావాలి. నేను కార్లో ఉండను, అయిదుగురితో కారు నిండిపోద్ది, కానీ నా గొంతు ఉంటది. అది ఎట్టాగో చెప్దామనే ఈ ఉత్తరం, ఓపిగ్గా చదవండి.

చిన్నపాపకి గుర్తుండే ఉంటది, మేం అమెరికా వచ్చినప్పుడు కాలిఫోర్నియాలో బిగ్ సర్ అనే చోట సముద్రం వెంబడే హైవే వన్ మీద పోయాం కదా. మీ నాన్న ఫోన్లో ఆడియో టూర్ అని ఒకటి కొన్నాడు. గైడ్ మనిషి మన పక్కన కూర్చోడు, ఫోనే మనం యాడ ఉన్నామో చూసుకోని ఆ చోటికి తగ్గ కబురు దానంతట అదే మొదలుపెడతది, ఆపితే ఆగుద్ది, మనం గంట సేపు దిగి తిరిగొచ్చినా ఏమీ అనదు, మళ్ళీ కారు కదిలాక ముందు చోటు రాంగానే అందుకుంటది. టూరిస్టు బస్సులో లాగా పది నిముషాల్లో వచ్చెయ్యండి అని తరిమేవాడు లేడు. హవాయిలో కూడా ఇట్టాంటివి ఉన్నాయంట, షాకా గైడ్ అని ఒకటి ఆడ బాగా వాడతారని మీ నాన్న చెప్పాడు.

మొదటి రోజు మాత్రం మాకు ఒక్క ముక్క వినపళ్ళా. టూర్ డబ్బులిచ్చి కొన్నాం గానీ ఫోన్లోకి దించుకోలేదు, దారిలో దిగుద్దిలే అనుకున్నాం. కార్మెల్ ఊరు దాటి కొంత దూరం పోయేసరికి సిగ్నల్ పోయింది, పక్కన అంత పెద్ద సముద్రం, కొండ అంచున రోడ్డు, కార్లో అందరం మూగాళ్ళలాగా చూస్తా కూర్చున్నాం. మళ్ళీ వెనక్కొచ్చి ఒక కాఫీ కొట్టులో వైఫై పట్టుకోని దించుకోని, మర్నాడు పోయాం. అందుకే మొట్టమొదట చెప్తన్నా, ఇంట్లో ఉన్నప్పుడే అన్నీ దించుకోండి, ఆఫ్‌లైన్‌లో ఒకసారి ప్లే చేసి చూసుకోండి, తర్వాతే తాళాలు తియ్యండి.

సిగ్నల్ లేకపోతే మరి ఫోన్‌కి మనం యాడున్నామో ఎట్టా తెలుస్తది తాతా అని చిన్నపాప ఆ రోజే అడిగింది, అప్పుడు నాకు సరిగ్గా తెలవదు, తర్వాత చదివి తెలుసుకున్నా. జీపీఎస్‌కి సెల్ టవర్‌తో పని లేదు. దాదాపు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తులో శాటిలైట్లు తిరగతా ఉంటాయి, ఒక్కోటి ఇప్పుడు టైం ఇంత, నేను ఫలానా చోట ఉన్నా అని చెప్తానే ఉంటది. ఫోన్ వాటికి ఏమీ పంపదు, ఊరికే వింటది. మెరుపు కనపడ్డాక ఉరుము వచ్చేలోపు ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో మనం చెప్పుకుంటాం చూడు, అట్టాగే ఆ కబురు వచ్చేదానికి ఎంతసేపు పట్టిందో చూసి ఆ శాటిలైట్ ఎంత దూరమో ఫోన్ లెక్కేసుకుంటది, నాలుగు శాటిలైట్లు దొరికితే మనం నిలబడ్డ చోటు తేల్చేస్తది. టూర్ తయారుచేసినోళ్ళు మ్యాప్ మీద ఒక్కో చోట గుండ్రంగా గీత గీసి పెడతారు, కారు ఆ గీత లోపలికి రాంగానే ఆ కథ మొదలు. అంతే దాని కిటుకు.

ఆ రోడ్డు మీద బిక్స్‌బీ అని ఒక వంతెన ఉంది, 1932లో కట్టింది, లోయ మీద ఒకే ఒక్క పెద్ద కాంక్రీటు కమాను. ఆ రోడ్డు మొత్తం తెరిచింది 1937లో. కొండల్ని పేల్చి రోడ్డు వేసేటప్పుడు శాన్ క్వెంటిన్ అనే జైలు నించి ఖైదీల్ని తెచ్చి పని చేయించారంట, రోజుకి కొంచెం కూలి, శిక్షలో కొంత తగ్గింపు. ఆ గొంతు ఇదంతా చెప్తా ఉంటే చిన్నపాప నా పక్కన కూర్చోని తెలుగులో చెప్తా వచ్చింది. వింటా వింటా నాకు మన బకింగాం కాలువ గుర్తొచ్చింది. ఇంక ఆ రోజంతా కళ్ళ ముందర ఆ సముద్రం, మనసులో ఈ కాలువ.

ఎందుకంటే నేను ముప్పై మూడేళ్ళు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టుకోని నెల్లూరు ఒంగోలు మధ్య తిరిగినోణ్ణి. ఆ హైవేకి ఇప్పుడు ఎన్‌హెచ్ పదహారని పేరు, మేం అయిదో నంబరు అనేవాళ్ళం. చెన్నై నించి విజయవాడ పోయేవాళ్ళు దాని మీద అద్దాలెత్తుకోని ఏసీ వేసుకోని దూసుకుపోతారు, మధ్యలో టిఫిన్‌కి ఆగుతారు, నెల్లూరు దాటాక ఒంగోలు దాకా చూసేదానికేం లేదండీ అంటారు. హైవే నించి సముద్రం కనపడదు, అది తూర్పుకి కొన్ని కిలోమీటర్ల అవతల ఉంటది, సర్వి తోపుల వెనకాల. చెప్పే గొంతు లేక ఇంత తీరం అట్టా చూడకుండా పోతన్నారు, అదే నా బాధ. మా రోజుల్లో కండక్టరు టంగుటూరు, సింగరాయకొండ, ఉలవపాడు అని అరిచేవాడు, ఊరి పేరు వినపడంగానే సీట్లో ఉన్న ముసలాయన ఎవరో ఒకరు ఆ ఊరి ముచ్చట ఎత్తుకునేవాడు. ఆడియో టూర్ అంటే నాకు అదే అనిపించింది.

అందుకని మన రోడ్డుకి నేనే ఒక టూర్ చేశా. యాప్ చెయ్యడం నాకు రాదు, మ్యాప్‌లో ఇరవై మూడు పిన్నులు పెట్టా, ఒక్కోదానికి ఒక క్లిప్ ఫోన్లో రికార్డు చేశా, నంబర్లేసి వాట్సాప్‌లో పంపుతా. నాది దానంతట అది మొదలవ్వదు, చిన్నపాప ముందు సీట్లో కూర్చోని పిన్ను దగ్గరికి రాంగానే ఆ నంబరు ప్లే చెయ్యాలి. పెద్దోడా, నువ్వు ఫోన్ ముట్టుకోవద్దు. స్టీరింగ్ పట్టుకున్నోడికి రోడ్డు, అద్దాలు, ఇవే పని. గంటకి అరవైలో పోతే నిముషానికి ఒక కిలోమీటరు పోతాం కదా, రెండు నిముషాల కథ అంటే రెండు కిలోమీటర్లు, కథ అయ్యేసరికి మలుపు దాటిపోతాం. అందుకే ప్రతి పిన్నూ మలుపుకి ముందే పెట్టా, ఒక్క క్లిప్ కూడా నిమిషంన్నర మించనియ్యలా. మలుపు తప్పిపోయినా సడన్ బ్రేక్ కొట్టకండి, రివర్స్ అసలే వద్దు. ముందుకి పోయి చుట్టు తిరిగి రండి, సముద్రం యాడికీ పోదు.

ఒంగోలు నించే ఎందుకు మొదలుపెట్టాలి, ఇంటి నించి దిగువకి పోవచ్చు కదా అంటారేమో. బిగ్ సర్‌లో ఉత్తరం నించి దక్షిణానికి పోవడమే మేలని చెప్పారు, ఆడ కుడి పక్కన నడుపుతారు, సముద్రం పడమర, కాబట్టి దక్షిణానికి పోయేటప్పుడు సముద్రం మన వైపే ఉంటది, ఆగాలన్నా కుడికి తిప్పుకుంటే చాలు, ఎదురు బండ్లని దాటే పని లేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే మనకీ దక్షిణమే కుదిరింది! మనం ఎడమ పక్కన నడుపుతాం, మనకి సముద్రం తూర్పు, ఒంగోలు నించి నెల్లూరు వైపు వస్తే తూర్పు ఎడమ చేతికొస్తది. సముద్రానికి తిరిగే ప్రతి మలుపూ ఎడమ మలుపే, డివైడర్ దాటాల్సిన పని, యూటర్న్ కోసం వెతుక్కునే పని ఉండదు. రెండు దేశాల్లో రోడ్డు పక్క మారింది, సముద్రం పక్క మారింది, పోయే దిక్కు మాత్రం ఒకటే. పేపర్ మీద బొమ్మ గీసి చూసుకోండి, భలే ఉంటది. ఒక్క తేడా ఉంది, వాళ్ళకి సూర్యుడు సముద్రంలో మునుగుతాడు, మనకి సముద్రంలోంచి పుడతాడు, కాబట్టి మీరు ముందు రోజు రాత్రే ఒంగోలు చేరి, తెల్లారేసరికి కొత్తపట్నం ఒడ్డున ఉండాలి.

కొత్తపట్నం తర్వాత మళ్ళీ ఒంగోలు వచ్చి హైవే ఎక్కి, సింగరాయకొండ దగ్గర ఎడమకి తిరిగితే పాకల. ఏ బీచ్‌లో అయినా మోకాళ్ళ దాకే, మన సముద్రం లోపలికి లాగుద్ది, ఈత వచ్చిన పిల్లల్ని కూడా లాగింది, దీని మీద నాతో వాదన పెట్టుకోవద్దు. ఉలవపాడు మామిడికి పేరు గానీ జనవరిలో కాయ ఉండదు, సపోటాలు కొనుక్కోండి.

కావలి దగ్గరికొచ్చాక పదకొండో నంబరు క్లిప్‌లో 1989 నవంబరు తుఫాను గురించి చెప్పా. అది కావలి దగ్గరే తీరం దాటింది. మర్నాడు డిపోలో నించి ఒక్క బస్సు కదల్లా, రోడ్డుకి రెండు పక్కలా ఉన్న చింతచెట్లు వేళ్ళతో సహా పడిపోయి ఉన్నాయి, మేం గొడ్డళ్ళు తీసుకోని పోయి దారి చేశాం. ఇప్పుడు హైవే పక్కన ఆ చెట్లు ఎందుకు లేవో మీకు ఎవరూ చెప్పరు, కొన్ని తుఫానుకి పోయాయి, మిగిలినవి రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పోయాయి.

తుమ్మలపెంట వైపు తిరిగినప్పుడు ఒక చిన్న వంతెన వస్తది, ఆడ కారు పక్కకి తీసి, దిగి, పన్నెండో నంబరు వినండి. కింద గుర్రపుడెక్క నిండి కదలకుండా ఉన్న నీళ్ళే బకింగాం కాలువ. 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టారు, తర్వాత్తర్వాత ఉత్తరంగా పెంచుకుంటా పెదగంజాం దాకా తెచ్చారు. సముద్రంలో తుఫాను ఉన్నా సరే, ఈ కాలువలో పడవలు ఉప్పు, బియ్యం, సర్వి కట్టెలు వేసుకోని మద్రాసు పోయేవి. గాలుంటే తెరచాప, లేకపోతే మనుషులే గట్టు మీద నడస్తా తాడుతో లాగేవాళ్ళు. 1876 నించి 78 దాకా పెద్ద కరువొచ్చింది, ధాత కరువు అని మా ముత్తాతల కాలం నించి చెప్పుకుంటారు, లక్షల మంది చచ్చిపోయారు. ఆ కరువులోనే కూలి ఇచ్చి మద్రాసులో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్కని జనంతో తవ్వించారు. కాలువంతా వాళ్ళే తవ్వారని కాదు, కానీ ఆకలితో ఉన్న మనిషి పారతో తవ్విన ముక్క దీంట్లో ఉంది. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు బకింగాం దొరది. 2004లో సునామీ వచ్చినప్పుడు పొంగిన నీళ్ళు కొంత ఈ కాలువలో పడి సర్దుకున్నాయి, చాలా చోట్ల ఊళ్ళ మీదికి రాకుండా ఆగినాయి. అమెరికాలో ఖైదీల కథ అంత శ్రద్ధగా చెప్పుకుంటన్నారు, మన కాలువ గట్టున మాత్రం ఆ కూలోళ్ళ మాట చెప్పే బోర్డు నేనైతే యాడా చూళ్ళేదు. ఆ క్లిప్ ఆరు సార్లు రికార్డు చేశా, గొంతు పట్టేసి.

నెల్లూరు చేరాక మైపాడు పోయే దారిలో కొంచెం పక్కకి పోతే పెన్న గట్టున పల్లిపాడు ఆశ్రమం ఉంది, 1921 ఏప్రిల్ 7న గాంధీ గారొచ్చి ప్రారంభించారు. ఆడ క్లిప్ ఏమీ పెట్టలా, ఊరికే కూర్చోండి. రాత్రికి నెల్లూరులో పడుకోండి, చేపల పులుసు తినకుండా పడుకోవద్దు.

రెండో రోజు సూళ్ళూరుపేట దగ్గర ఎడమకి తిరిగితే శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోద్ది, రెండు పక్కలా నీళ్ళు, జనవరి కాబట్టి ఫ్లెమింగోలు ఉంటాయి, తల తలకిందులుగా పెట్టి నీళ్ళలో తింటా ఉంటాయి. హారన్ కొట్టొద్దు, డోర్లు గట్టిగా వెయ్యొద్దు. రాకెట్ సెంటర్ లోపలికి పర్మిషన్ లేకుండా పోనియ్యరు, గేటు ముందర నించే వెనక్కి తిప్పుకోండి. ఆడ్నించే 2013 జులై 1న మన సొంత నావిగేషన్ శాటిలైట్లలో మొదటిది పైకి పోయింది, ఆ వ్యవస్థకి నావిక్ అని పేరు పెట్టారు, ఇప్పుడొచ్చే కొన్ని ఫోన్లు వాటి కబురు కూడా వింటాయి. పెద్దోడి ఫోన్లో ఉందేమో సెట్టింగ్స్‌లో చూడు. మన తీరం నించి ఎగిరినవి మన తీరంలోనే మనకి దారి చెప్తంటే, ఆ మాట ఆ రోడ్డు మీదే వినాలని చివరి క్లిప్ దానికి పెట్టా.

ఛార్జర్ పెట్టుకోండి, జీపీఎస్ పొద్దుగూకులా ఆన్‌లో ఉంటే బ్యాటరీ తాగేస్తది. ఒకే ఫోన్ కారు బ్లూటూత్‌కి కలపండి, మిగతా ఫోన్లు ఫొటోలకి.

అన్నీ పంపుతన్నా గానీ ఒకటో నంబరు ఇంకా రాలేదు. కొత్తపట్నంలో గాలి హోరులో నా మాట కలిసిపోయింది, మీ అవ్వ విని ఏమీ అర్థం కాలేదంది. ఈ ఆదివారం తెల్లారుజామున మళ్ళీ పోయి సర్వి తోపు లోపల నిలబడి చెప్తా, సాయంత్రానికి మీ ఫోన్లో ఉంటది.

ఇట్లు,
మీ తాత, కావలి