పెసహ్ ఇంట్లో గోధుమపిండి డబ్బా: యూదుల వసంతకాలపు పండుగలపై అపోహలు - వాస్తవాలు

ఏటా మార్చి వచ్చిందంటే కొత్తగా ఇజ్రాయెల్‌లో కేర్ గివర్‌గా చేరిన మన తెలుగు పిల్లల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, పండుగకి వారం రోజులు అన్నం వండుకోనివ్వరంట కదా?" "గుమ్మానికి రక్తం పూస్తారంట, నిజమేనా అక్కా?" "పేషెంట్‌కి మందులు కూడా ఆపేస్తారంట!" నేను కోనసీమ నుంచి ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. ముగ్గురు పెద్దవాళ్లను చూసుకున్నాను. మూడూ యూదుల ఇళ్లే, మూడూ మూడు తీర్లు. ఇప్పుడు ఉంటున్నది తెల్ అవీవ్ పక్కన బ్నే బ్రాక్‌లో, పోలండ్‌లో పుట్టిన ఒక అమ్మగారి దగ్గర. మతం గురించి నాకు చదువు లేదు. వాళ్ల వంటింట్లో నిలబడి చూసినవీ, అడిగి తెలుసుకున్నవీ రాస్తున్నాను.

అపోహ: పస్కా (హీబ్రూలో పెసహ్) అంటే యూదుల ఈస్టర్.

చర్చికి వెళ్లే ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. రెండూ దగ్గర దగ్గర రోజుల్లో వస్తాయి, అంతవరకే. పెసహ్ ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి వాళ్ల పూర్వీకులు బయటపడ్డ రాత్రికి గుర్తు. నీసాన్ నెల పున్నమికి వస్తుంది. వాళ్లదీ మనలాగే చంద్రుడి లెక్క, మనలాగే అధిక మాసం ఉంది. 19 ఏళ్లలో 7 సార్లు అదార్ నెలను రెండుసార్లు లెక్కపెడతారు, లేకపోతే ఈ పండుగ వసంతం దాటి చలికాలంలోకి జారిపోతుంది. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, మన డ్యూటీకి ఇది ముఖ్యం: వాళ్ల రోజు సాయంత్రం నుంచి మొదలవుతుంది. క్యాలెండర్‌లో పండుగ గురువారం అని ఉంటే బుధవారం పొద్దుపోయేలోపు వంట, స్నానం అన్నీ అయిపోవాలి.

అపోహ: గొర్రెపిల్లను కోసి గుమ్మానికి రక్తం పూస్తారు.

అది బైబిల్లోని నిర్గమకాండంలో, ఐగుప్తులో ఆ ఒక్క రాత్రి జరిగిన సంగతి. యెరూషలేము దేవాలయాన్ని రోమన్లు 70వ సంవత్సరంలో కూల్చేశాక యూదులకు బలులే లేవు. ఇప్పుడు పండుగ రాత్రి పళ్లెంలో గుర్తుగా కాల్చిన ఎముక ఒకటి పెడతారు. మా అమ్మగారింట్లో అది కోడి మెడ. గ్యాస్ మంట మీద నేనే కాలుస్తాను. నాబ్లస్ దగ్గర గెరిజీము కొండ మీద సమరయులు ఇప్పటికీ గొర్రెలను బలి ఇస్తారు. వాళ్ల సంప్రదాయం వేరు. ఆ వీడియోలే మన వాట్సాప్ గ్రూపుల్లో "యూదుల పస్కా" అని తిరుగుతుంటాయి.

పండుగకి తినే పులియని రొట్టె మట్సాలో రక్తం కలుపుతారనే మాట కూడా ఒకమ్మాయి నోట విన్నాను. ఇది ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో 1144లో జరిగిన ఒక పిల్లాడి చావుతో పుట్టిన అబద్ధం. దాన్ని నమ్మి యూరప్‌లో వందల ఏళ్లు యూదులను చంపారు. ఈ ఇళ్లలో మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి రక్తం పోగొట్టాకే వండుతారు. గుడ్డు కొట్టినప్పుడు చిన్న ఎర్ర చుక్క కనిపిస్తే పారేస్తారు. అందుకే ఇక్కడ గుడ్డును ముందు గాజు గ్లాసులో కొట్టి, చూసి, తర్వాతే గిన్నెలో వేయాలి. చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు.

అపోహ: వారం రోజులు బ్రెడ్ మానేస్తే చాలు.

ఇక్కడే మనం దొరికిపోయేది. గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాల్లో దేనికైనా నీళ్లు తగిలి పులిసే అవకాశం ఉంటే అది హమేట్స్. తినకూడదు, యూదుల సొత్తుగా ఇంట్లో ఉండకూడదు. మట్సా పిండి కలిపిన 18 నిమిషాల్లోపు కాలిపోవాలి, దాటితే అదీ హమేట్సే. ఉప్మా రవ్వ, సేమియా, మైదా, బిస్కెట్లు, బీరు అన్నీ పోవాల్సిందే.

మొదటి ఏడాది నేనవన్నీ తీసి పక్కన పెట్టి ధీమాగా కూర్చున్నాను. అమ్మగారి కోడలు నా మసాలాల అర వెతుకుతూ ఇంగువ డబ్బా తీసి, వెనకున్న చిన్న అక్షరాలు ఫోన్‌లో పెద్దవి చేసి చదివింది. గోధుమపిండి! మనం కొనే ఇంగువలో సగం పిండే అని నాకు ఆరోజు దాకా తెలియదు. అప్పటికే ఆ చెంచాతోనే కొత్తగా కడిగి పెట్టిన గిన్నెలో పప్పు తాలింపు పెట్టేశాను. ఆ గిన్నె, చెంచా, పొయ్యి మీది గ్రిల్ మళ్లీ మొదటి నుంచి. నన్ను ఒక్క మాట అనలేదు గానీ, నా టెన్షన్ మాత్రం అడగొద్దు.

మన సొంత గోధుమపిండి మనదే, దాన్ని పారేయాల్సిన పని లేదు. యూదుడు కానివాడి పిండికి ఆ నిషేధం లేదు. కాకపోతే వాళ్ల చెయ్యి పడకుండా విడిగా, అడ్డు కట్టి పెట్టాలి. నాది బాల్కనీలో ఒక అట్టపెట్టెలో, టేపు వేసి ఉంటుంది. వారం రోజులు చపాతీ మానేశానంతే.

అన్నం సంగతి ఇంటిని బట్టి. యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ ఇళ్లలో పెసహ్‌కి బియ్యం, పప్పులు, సెనగలు కూడా తినరు. అవి హమేట్స్ కావు, అయినా ఆచారం. నేను ఇంతకుముందు పనిచేసిన ఇరాకీ ఇంట్లో అన్నం లేని పెసహ్ ఉండేది కాదు. తెల్లటి గుడ్డ పరిచి బియ్యాన్ని మూడుసార్లు ఏరేవాళ్లు, గోధుమ గింజ ఒక్కటి కూడా ఉండకూడదని. చేటలో బియ్యం ఏరడం చూసి ఆ ఇంటి పెద్దావిడ నన్ను మెచ్చుకున్నది అప్పుడే. కాబట్టి "యూదులు ఇలా చేస్తారు" అని ఎవరైనా ఒకే మాట చెబితే, ఏ ఇంట్లో అని అడగండి. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. తమది ఎఫ్రాయిము గోత్రమని చెప్పుకుని సబ్బాతు, పస్కా పాటిస్తారు. ఈ మాట చెబితే మా అమ్మగారు రెండు రోజులు దాని గురించే అడిగింది.

అపోహ: హమేట్స్‌ను "అమ్మడం" ఒక నాటకం.

పారేయలేని హమేట్స్‌ను యూదుడు కానివాడికి అమ్మి, అల్మారాలో పెట్టి తాడు కట్టి, "అమ్మేశాం" అని రాసి, వారం తర్వాత మళ్లీ తీసుకుంటారు. చూస్తే నవ్వొస్తుంది. కానీ నిజంగానే కాగితం మీద సంతకం, బయానా ఉంటాయి. పూర్తి డబ్బు కట్టి కొన్నవాడు సరుకు నాదే అంటే ఇవ్వాల్సిందే. ప్రభుత్వం తరఫున ప్రధాన రబ్బీలు (మత గురువులు) కూడా అలాగే అమ్ముతారు. చాలా ఏళ్లపాటు యెరూషలేము దగ్గరున్న అబూ గోష్ ఊరికి చెందిన ఒక అరబ్ హోటల్ మేనేజర్ దాన్ని కొన్నాడు.

అపోహ: పండుగ రోజుల్లో మందులు ఆపాలి, నాలుగు గ్లాసుల వైన్ తాగించాలి.

రెండూ తప్పే. ప్రాణం ముందు, మిగతా నియమాలు దాదాపు అన్నీ తర్వాతే అనేది వాళ్ల శాస్త్రంలోనే ఉంది. షుగరున్నవాళ్లకు, వైన్ పడనివాళ్లకు ద్రాక్షరసం పోస్తారు. టాబ్లెట్ గురించి ఇంట్లోవాళ్లకు అనుమానం వస్తే డాక్టర్‌నీ రబ్బీనీ వాళ్లే అడుగుతారు. మీ అంతట మీరు ఒక్క డోసు కూడా మానిపించకండి.

అపోహ: భక్తి ఎవరిది వాళ్లది. మిగతాది రబ్బీ చూసుకుంటాడు.

ఇది అపోహ అని నాకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. పెసహ్‌కి సరిగ్గా నెల ముందు అదార్ పున్నమికి పూరీమ్ వస్తుంది. బైబిల్లోని ఎస్తేరు కథ చదివి, అందులో యూదులను చంపించాలని చూసిన హామాను పేరు వచ్చినప్పుడల్లా గోల చేస్తారు, పిల్లలు వేషాలు వేస్తారు, పెద్దవాళ్లు తాగుతారు. వీధిలో చూస్తే మన హోలీ లాగే అనిపిస్తుంది. ఆ రాత్రి మా అమ్మగారు నడవలేని స్థితిలో ఉంది. ప్రార్థన మందిరానికి వెళ్లలేదు. తొమ్మిది దాటాక తలుపు తట్టారు. పై అంతస్తు కుర్రాడు, చేతిలో చుట్టిన తోలు గ్రంథం. తను మందిరంలో ఒకసారి విని వచ్చాడు. మళ్లీ మొత్తం పది అధ్యాయాలు మంచం పక్కన నిలబడి ఈవిడ ఒక్కదాని కోసం చదివాడు. హామాను పేరు వచ్చినప్పుడు ఆవిడ మంచం పట్టీ మీద చెంచాతో కొట్టింది. తెల్లారి మళ్లీ వచ్చాడు, ఎందుకంటే పగలు కూడా వినాలట.

"నీ పని అయిపోయింది కదా, మళ్లీ చదివితే లెక్కకు వస్తుందా?" అని అడిగాను. "ఈవిడ వినకపోతే నా పని అయిపోనట్టే" అన్నాడు. తర్వాత అమ్మగారి అబ్బాయి వివరంగా చెప్పాడు. తల్ముడ్ అనే వాళ్ల శాస్త్ర గ్రంథంలో ఒక మాట ఉందట: ఇశ్రాయేలీయులందరూ ఒకరికొకరు "అరేవిమ్". అంటే జామీనుదారులు. బ్యాంకులో అప్పుకు మనం ష్యూరిటీ సంతకం పెడతామే, అది. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే సంతకం పెట్టినవాడి మెడకు చుట్టుకుంటుంది. అందుకే తన విధి పూర్తి చేసుకున్నవాడు కూడా ఇంకొకరి కోసం మళ్లీ చదవొచ్చు, ఆశీర్వచనం చెప్పొచ్చు. వాళ్లు విన్నది చదివినట్టే లెక్క.

ఆ మాట తెలిశాక మిగతావన్నీ వేరుగా కనిపించడం మొదలుపెట్టాయి. పూరీమ్ రోజున కనీసం ఒకరికి రెండు రకాల తినుబండారాలు పంపాలి, కనీసం ఇద్దరు పేదలకు దానం ఇవ్వాలి. విందుకంటే ఆ దానానికే ఎక్కువ ఖర్చుపెట్టమని 12వ శతాబ్దంలో రాంబామ్ అనే పండితుడు రాశాడు. దానం తీసుకునే పేదవాడు కూడా ఇవ్వాల్సిందే, మినహాయింపు లేదు. మా కింద ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు ఒకరి పళ్లెం ఒకరికి మార్చుకునేవాళ్లు. అప్పుడు ఇద్దరి పనీ అయిపోయినట్టే.

పూరీమ్ అయిన మర్నాటి నుంచే "కిమ్హా దెపిస్హా" మొదలు. అరమాయిక్ అనే పాత భాషలో పెసహ్ పిండి అని అర్థం. పేదవాళ్లకు పండుగ సరుకులు. పాతకాలంలో గోధుమలు పంచేవాళ్లు. ఇప్పుడు బ్నే బ్రాక్ వీధుల్లో బంగాళదుంప బస్తాలు, గుడ్ల అట్టలు, నూనె, మట్సా పెట్టెలు లారీల నుంచి దిగుతాయి. 16వ శతాబ్దంలో క్రాకోలో రబ్బీ మోషే ఇస్సెర్లెస్ రాసిన నియమం: ఊళ్లో 12 నెలలు ఉన్న ప్రతివాడూ దీనికి ఇవ్వాలి. భక్తుడా కాదా అనే ప్రశ్న లేదు, ఊళ్లో ఉన్నావా అన్నదే. మన గుడి చందా పుస్తకం గుర్తొచ్చింది గానీ, ఇక్కడ తీసుకునేవాడి పేరు ఎవరూ చదవరు. పెట్టె గుమ్మం ముందు పెట్టి, బెల్ కొట్టి వెళ్లిపోతారు.

సెదెర్ అనే పెసహ్ మొదటి రాత్రి విందులో వైన్ గానీ ద్రాక్షరసం గానీ నాలుగు గ్లాసులు తాగాలి కదా. ఎంత పేదవాడికైనా, అన్నదాన గిన్నె నుంచి తినేవాడికైనా నాలుగుకి తగ్గించకూడదని సుమారు 1800 ఏళ్లనాటి మిష్నా అనే శాస్త్ర గ్రంథంలో ఉంది. ఆ రాత్రి చదివే హగ్గదా పుస్తకం మొదట్లోనే మట్సా ఎత్తి చూపి, ఆకలిగా ఉన్నవాళ్లెవరైనా వచ్చి తినండి అని పిలుస్తారు. ఆ పిలుపు అరమాయిక్‌లో ఉంటుంది, ఒకప్పటి వాడుక భాష అది. మా ఇంట్లో ఆ బల్ల దగ్గర రబ్బీ ఎవరూ ఉండరు. అమ్మగారి పెద్దబ్బాయి చదువుతాడు, ఇంట్లో అందరికంటే చిన్నది ప్రశ్నలు అడుగుతుంది, నాకు కూడా కుర్చీ వేస్తారు. ఐగుప్తు మీద పడ్డ పది తెగుళ్ల పేర్లు చెబుతూ ఒక్కో పేరుకు గ్లాసులోంచి వేలితో ఒక్కో బొట్టు తీసి పళ్లెంలో పెడతారు. చచ్చినవాళ్లు శత్రువులే అయినా మన గ్లాసు నిండుగా ఉండకూడదని ఆవిడ చెప్పింది. చెయ్యి వణికి ఆవిడ బొట్లు బల్లగుడ్డ మీద పడతాయి. ఆ మరక నేను ఎప్పుడూ పూర్తిగా వదిలించలేకపోయాను.

అపోహ: పెసహ్ తర్వాత ఇక అంతా సంబరమే.

పెసహ్ రెండో రాత్రి నుంచి షవువోత్ పండుగ దాకా 49 రోజులు ఓమెర్ అనే రోజుల లెక్క. రోజూ చీకటి పడ్డాక "ఈరోజు ఓమెర్‌లో ఇన్నో రోజు" అని చెబుతారు. ఒక రాత్రీ, మర్నాడు పగలూ కూడా మర్చిపోతే ఆ తర్వాత ఆశీర్వచనం తను చెప్పకూడదు. ఒకసారి అమ్మగారబ్బాయి అలాగే మర్చిపోయి, మిగిలిన రోజులన్నీ పక్కవాడు చెబితే ఆమెన్ అనేవాడు. మళ్లీ అదే ష్యూరిటీ! ఓమెర్ రోజుల్లో పెళ్లిళ్లు చేయరు, జుట్టు కత్తిరించుకోరు. రబ్బీ అకీవా శిష్యులు 24,000 మంది ఈ రోజుల్లోనే పోయారని, ఒకరినొకరు గౌరవించుకోకపోవడమే కారణమని తల్ముడ్ చెబుతుంది. చాలామందికి 33వ రోజున, వీధుల్లో మంటలు వేసే లగ్ బా ఓమెర్‌తో ఈ నియమం సడలుతుంది. ఆ రాత్రి కిటికీలు మూసేయండి, పొగ పేషెంట్‌కి పడదు.

ఈ మధ్యలోనే షోవా దినం వస్తుంది, నాజీల చేతిలో చనిపోయినవాళ్ల కోసం. ఉదయం పదికి దేశమంతా రెండు నిమిషాలు సైరన్. బస్సులు ఆగిపోతాయి, జనం దిగి నిలబడతారు. కొత్తవాళ్లు రాకెట్ దాడి అనుకుని పేషెంట్‌ని పట్టుకుని షెల్టర్‌కి పరుగెత్తుతారు, నేనూ పరుగెత్తినదాన్నే. మా అమ్మగారు కుర్చీలోంచి లేవలేదు, అయినా లేవాలంటుంది. రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తి పట్టుకుంటాను. రెండు నిమిషాలు చాలా ఎక్కువసేపు.

అపోహ: షవువోత్ అంటే చీజ్ కేక్ పండుగ.

ఓమెర్ లెక్క అయ్యాక 50వ రోజు ఇది. మన బైబిల్లో పెంతెకొస్తు. పాల వంటలు ఉంటాయి నిజమే, పేషెంట్‌కి పాలు పడతాయో లేదో ముందే చూసుకోండి. కానీ అసలు సంగతి సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం అందిన రోజని. మగవాళ్లు రాత్రంతా కూర్చుని చదువుతారు. బైబిల్లోని రూతు గ్రంథం చదివేది కూడా ఈ పండుగకే. పరాయి దేశం అమ్మాయి, ముసలి అత్తను వదలకుండా వెంట వచ్చి, పొలంలో పరిగె ఏరి ఆవిడను పోషించింది. కేర్ గివర్ కథే కదా అని మేమందరం నవ్వుకుంటాం.

అమ్మగారు ఒకసారి "మీ ఊళ్లో కూడా ఇలా ఏరుకుంటారా?" అని అడిగింది. కోత అయ్యాక మా నాయనమ్మ కొంగులో కంకులు ఏరుకొచ్చేదని చెప్పాను. రూతు పరిగె ఏరిన పొలం యజమాని బోయజు తన పనివాళ్లతో, ఆ పిల్ల కోసం కావాలనే కొన్ని పిడికెళ్లు జారవిడవండి అంటాడని ఆవిడ చదివి వినిపించింది. మా చేలల్లో కూడా నాయనమ్మను చూసి కొందరు కోతగాళ్లు అలా వదిలేవాళ్లు. మా అమ్మ మాత్రం అది వాళ్ల నిర్లక్ష్యం అనేది. అమ్మగారు కళ్లజోడు తీసి, "మీ అమ్మకి చెప్పు, కాదని" అంది. ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పాను.