నవ తగ్గింది, తామర తగ్గలేదు

మా బావ తిరుపతి నుంచి తిరుమలకు టాక్సీ నడుపుతాడు. ఎండాకాలం, రెక్సిన్ సీటు, బిగుతు జీన్సు, పొద్దున్నించి రాత్రిదాకా చెమట. గజ్జల్లో గుండ్రంగా ఓ మచ్చ లేచింది. మా వైపు దురదను నవ అంటాం. "నవ తట్టుకోలేకపోతా ఉండానన్నా" అని మందుల షాపులో అడిగితే ఓ ట్యూబు చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో హాయిగా అనిపించింది. నెల తిరిగేసరికి మచ్చ నడుం చుట్టూ పాకింది. మళ్లీ అదే ట్యూబు, మళ్లీ అదే హాయి. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఆ ట్యూబులో ఫంగస్ మందుతోపాటు ఒక యాంటీబయాటిక్, క్లోబెటాసాల్ అనే ఘాటైన స్టిరాయిడ్ కలిసి ఉన్నాయి. ఇబ్బందంతా ఆ స్టిరాయిడ్‌తోనే.

బావకు వచ్చింది తామర. అది ఫంగస్ వల్ల వస్తుంది. మన చర్మం పైపొర చచ్చిన కణాలు. వాటిలో నిండా ఉండేది కెరటిన్ అనే ప్రొటీన్. గోళ్లు, వెంట్రుకలు కూడా దాంతో తయారైనవే. ఈ ఫంగస్ తిండి ఆ కెరటినే. తింటూ తింటూ నాలుగు దిక్కులా బయటికి సాగుతుంది. వెనకాల, మధ్యభాగంలో, మన ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని తరిమేస్తాయి. అందుకే మధ్యలో చర్మం తేటగా, అంచు మాత్రం ఎర్రగా ఉబ్బి, పొట్టు రేగి ఉంటుంది. ఆ ఎరుపూ ఆ నవా మన ఒళ్లు ఫంగస్‌తో పోరాడుతున్న గుర్తులు. స్టిరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది. దొంగను చూసి మొరిగే కుక్క నోరు కట్టేసినట్టే. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, దొంగ లోపలే ఉంటాడు.

కొన్నాళ్లకు అంచు చెరిగిపోయి, రింగులో రింగు పుట్టి, అది తామరేనా అని డాక్టరు కూడా ఒక క్షణం ఆలోచించే రూపానికి వస్తుంది. ఇలాంటి స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. మా బావను మాత్రం చీటీ ఎవరూ అడగలేదు.

చివరికి తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగానికి తీసుకెళ్లాను. అక్కడ చేసిన పరీక్ష చాలా సులువైంది. బ్లేడుతో మచ్చ అంచున మెల్లగా గీకి, రాలిన పొట్టును గాజుపలక మీద వేసి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపారు. కాసేపటికి చర్మకణాలు కరిగిపోయాయి. మైక్రోస్కోపులో నన్నూ చూడనిచ్చారు. సన్నని ఫంగస్ పోగులు, కొమ్మలు వేసుకుంటూ, అక్కడక్కడా కణుపులతో, చిన్న చెరకుగడల్లా కనిపించాయి.

మాత్రలు, స్టిరాయిడ్ లేని క్రీము రాశారు. మచ్చ అంచు దాటి రెండు వేళ్ల మేర రాయాలి, మచ్చ మాయమైనా ఇంకో రెండు వారాలు ఆపకూడదు. ఒకప్పుడు రెండు మూడు వారాల్లో లొంగే తామర ఇప్పుడు నెలల తరబడి ఎందుకు పీడిస్తోందంటే, ఫంగస్ కూడా మారింది. భారత్, నేపాల్ నుంచి జపాన్ వెళ్లినవారి చర్మంలో దొరికిన ఒక రకానికి 2020లో అక్కడి పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినాఫిన్ అనే మామూలు మందుకు అది చాలాసార్లు లొంగదు. మందు మధ్యలో మానకూడదని డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది అందుకే.

మొలతాడు కూడా తీసేయమన్నారు. చెమటకు తడిసి ఆరని దారంలో ఫంగస్ దాక్కుంటుంది. అత్త మొదట ఒప్పుకోలేదు. "జబ్బు పోయినాక కొత్తది కడదాంలే" అన్నాక సరేనంది. బావ తువ్వాలు వేరు చేసింది, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేసింది.

నవ పుట్టిందల్లా తామర కాదు. రాత్రిపూట ఎక్కువై, వేళ్ల సందుల్లో పొక్కులతో, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఉంటే గజ్జి అనుకోవచ్చు. అది కంటికి ఆనని పురుగు పని, మందు ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి. చిత్తూరు తోటల్లో తోతాపురి కోసేవాళ్ల చేతులకు సొన తగిలి వచ్చే పొక్కులకు ఫంగస్‌తో సంబంధమే లేదు. నవ లేకుండా పాలిపోయిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే, ఆలస్యం చేయకండి. అది కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

ఆరో వారానికి బావ నడుం మీద అంచు చదునైంది. ఎనిమిదో వారానికి నల్లటి మరక మిగిలింది, అదీ మెల్లగా పోతుందట. స్టిరాయిడ్ వల్ల తొడల మీద పడ్డ చారలు మాత్రం పూర్తిగా పోవని చెప్పారు.