భూసేకరణలో సర్కారు లెక్క చెప్పక్కర్లేదా? అపోహలు - వాస్తవాలు

నేను విజయనగరంలో భూసేకరణ కేసులు చూసే వకీలును. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు, రాయపూర్-విశాఖ రహదారి... ప్రాజెక్టు ఏదైనా రైతుల నోట వినిపించే మాటలు మాత్రం ఇంచుమించు ఇవే.

అపోహ: "పేపర్లో పడిందంటే భూమి పోయినట్టే."

వాస్తవం: పేపర్లో పడిన రోజు నుంచే మీ గడువు మొదలవుతుంది. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ఇచ్చే ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌లోనూ, రెండు దినపత్రికల్లోనూ వేయాలి. పంచాయతీలో, తహసీల్దార్, ఆర్డీవో, కలెక్టర్ కార్యాలయాల్లో తెలుగులో పెట్టాలి. వెబ్‌సైట్‌లోనూ ఉంచాలి. 2018లో రాష్ట్రం చేసిన సవరణ వల్ల కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా, అంటే ప్రాజెక్టు వల్ల జనం మీద పడే ప్రభావాన్ని ముందే చూసే అధ్యయనం, అక్కర్లేకపోవచ్చు. ఈ నోటిఫికేషన్ మాత్రం తప్పదు. అభ్యంతరాలకు 60 రోజులు. కలెక్టర్ వాటిని విని, తన సిఫార్సులతో పాటు అంచనా ఖర్చు, పునరావాసం కావాల్సిన కుటుంబాల సంఖ్య రాసి ప్రభుత్వానికి నివేదిక పంపాలి. ఆ నివేదిక కాపీ అడిగేవాళ్లు చాలా తక్కువ. అడగండి.

నోటిఫికేషన్‌లో మీ సర్వే నంబరు ఉన్న వరుసను వేలు పెట్టి చదవండి. సబ్ డివిజన్, సెంట్లు, పట్టాదారు పేరు సరిచూసుకోండి. చెట్ల వివరాలు కూడా. ఉద్దానంలో కొబ్బరి, జీడితోట ఉన్న భూమికి చెట్లు లేవని రాస్తే నష్టం ఎంతో ఆలోచించండి. చెట్ల విలువ విడిగా కట్టాలని చట్టమే చెబుతోంది.

అపోహ: "ఎక్కడైనా 60 రోజులే కదా, తొందరేముంది?"

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. జాతీయ రహదారికైతే 1956 చట్టం కింద గడువు 21 రోజులే. రైల్వే ప్రత్యేక ప్రాజెక్టుకు 30 రోజులు. నోటీసు పైన ఏ చట్టం పేరుందో ముందు చూడండి.

అపోహ: "చెక్కు తీసుకుంటే ఇక నోరెత్తలేం."

వాస్తవం: 2013 చట్టం కింద అండర్ ప్రొటెస్ట్ (అభ్యంతరంతోనే తీసుకుంటున్నాను) అని రాసి తీసుకుంటే మీ హక్కు నిలుస్తుంది. అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు, ఇచ్చినప్పుడు మీరు అక్కడే ఉంటే, విషయాన్ని పరిహార వివాదాలు తేల్చే అథారిటీకి పంపమని ఆరు వారాల్లోగా కలెక్టర్‌కు అర్జీ పెట్టాలి.

అపోహ: "పనులు మొదలయ్యాక ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు."

వాస్తవం: 2013 చట్టం కింద 100 ఎకరాలు, అంతకు మించి సేకరిస్తే ప్రాజెక్టు స్థాయిలో పునరావాస కమిటీ వేయాలి. అందులో బాధిత మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు చోటుండాలి. పునరావాసం ఎలా జరిగిందో గ్రామసభతో సంప్రదించి సోషల్ ఆడిట్ చేయించే బాధ్యత పునరావాస కమిషనర్‌ది. రాష్ట్రం జాతీయ పర్యవేక్షణ కమిటీకి ఎప్పటికప్పుడు సమాచారం పంపాలని 49వ సెక్షన్ చెబుతోంది. హిరమండలం రిజర్వాయరు కింద ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలను చూసినవాళ్లకు ఈ లెక్కలు ఎంత అవసరమో తెలుసు.

ఆ కాగితాలు మీ ఊరికి రాకపోతే సమాచార హక్కు కింద కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. "వివరాలు కావాలి" అని ఊరికే రాయకండి. ప్రాజెక్టు పేరు, నోటిఫికేషన్ తేదీ, సర్వే నంబరు రాసి, అభ్యంతరాలపై కలెక్టర్ నివేదిక, కమిటీ సమావేశాల మినిట్స్, సోషల్ ఆడిట్ నివేదిక అని విడివిడిగా అడగండి.