రోనా ఓడ మునిగిన సాయంత్రం

చిరంజీవులకు ఆశీస్సులు.

యుద్ధనౌకలు చుట్టూ కాపలా ఉన్నా సైనికుల ఓడలు ఎలా మునిగేవని అడిగారు కనుక, మన మద్రాసు రేవుకు బాగా తెలిసిన 'రోనా' సంగతి రాస్తున్నాను. 1926లో ఇంగ్లండులో తయారైన ఈ ఓడ మద్రాసు, నాగపట్నం నుంచి సింగపూరుకు ప్రయాణికులను చేరవేసేది. మలయాకు పనికి పోయిన కూలీలు ఇలాంటి ఓడల డెక్కుల మీదే సముద్రం దాటారు. రెండవ ప్రపంచయుద్ధంలో దానిని సైనికుల రవాణాకు తీసుకున్నారు.

1943 నవంబరు 26న రోనా, ఇండియాకు రావలసిన సుమారు రెండు వేల మంది అమెరికా సైనికులతో, అల్జీరియా తీరం వెంబడి ఓడల గుంపులో వెళుతుండగా జర్మన్ విమానాలు దాడి చేశాయి. వాటిలో కొన్ని వేసినవి మామూలు బాంబులు కావు. హెన్షెల్ 293 అనే ఆ ఆయుధానికి రెక్కలుంటాయి. విమానం నుంచి విడిపోగానే రాకెట్టు దానిని ముందుకు తోస్తుంది, తోక దగ్గర మండే వెలుగును చూస్తూ విమానంలోని మనిషి చిన్న పుల్లలాంటి మీటతో, రేడియో ద్వారా దానిని నడిపిస్తాడు. అందువల్ల విమానం ఓడ నెత్తిమీదికి రానక్కరలేదు, దూరంగానే ఉండవచ్చు. అలాంటి ఆయుధం ఒకటి రోనాకు తగిలింది. ఆ దాడిలో గుంపు మొత్తం మీద మునిగింది రోనా ఒక్కటే.

అయితే అందరినీ చంపింది పేలుడే అనుకోకండి. ఓడ మీది ప్రాణరక్షక పడవలు చాలావరకు పాడై నీటిలోకి దిగలేదు. చీకటి పడుతోంది, అలలు ఎత్తుగా ఉన్నాయి. గాలి నింపుకునే బెల్టును చంకల కిందికి లాక్కోవాలని తెలియక నడుముకే ఉంచుకున్నవారు కొందరు నీటిలో తలకిందులయ్యారు. పయనీర్ అనే చిన్న మైన్‌స్వీపర్ (సముద్రంలోని మందుపాతరలను ఏరివేసే ఓడ) ఒక్కటే ఆరు వందల మందికి పైగా పైకి లాగింది. చనిపోయినవారు వెయ్యికి పైమాటే, వారిలో అమెరికా సైనికులే 1,015 మంది.

కొత్త ఆయుధం ఎంత బాగా పనిచేసిందో శత్రువుకు తెలియకూడదని అమెరికా ప్రభుత్వం వివరాలు దాచింది. యుద్ధకాలంలో అది అర్థం చేసుకోదగినదే. యుద్ధం ముగిశాక కూడా దశాబ్దాల పాటు కుటుంబాలకు పూర్తి నిజం చెప్పకపోవడాన్ని మాత్రం నేను సమర్థించలేను. చివరికి 2000లో అమెరికా కాంగ్రెసు ఆ సైనికులను స్మరిస్తూ తీర్మానం చేసింది. ఓడ సిబ్బందిలోనూ వందకు పైగా పోయారు, వారిలో ఎక్కువమంది మన దేశపు నావికులు.

ఇట్లు,
మీ తాతయ్య